శిశుపోషణ, పేగులోని సూక్ష్మజీవులు: గోపాలన్ ప్రశ్న నుంచి రాయలసీమ పంటల దాకా

పసిపిల్లల పోషణలోపాన్ని కేలరీల లెక్కగానో ప్రోటీన్ కొరతగానో తేల్చివేయడం సరికాదని హైదరాబాదు పరిశోధనల ఆధారంగా చూపినవారు డాక్టర్ సి. గోపాలన్. 1918లో కూనూరులో బెరిబెరి విచారణగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందిన సంస్థకు ఆయన సంచాలకులుగా పనిచేశారు. ఒళ్లు నీరుపట్టి, జుట్టు రంగు మారే క్వాషియోర్కర్ ప్రోటీన్ కొరత వల్ల, కండ కరిగి చర్మం ఎముకలకు అంటుకుపోయే మరాస్మస్ కేలరీల కొరత వల్ల వస్తాయన్నది అప్పటి పాఠ్యపుస్తకాల మాట. అయితే ఈ రెండు జబ్బుల బారినపడిన పిల్లల తిండిలో చెప్పుకోదగిన తేడా లేదని గోపాలన్ 1968లో ప్రకటించారు. ఒకే తిండి తిన్న పిల్లలు వేర్వేరు జబ్బులకు ఎందుకు లోనవుతారన్న ప్రశ్నకు సమాధానాన్ని ఆయన కరువుకు సర్దుకోగల శరీరశక్తిలో వెతికారు. పేగులోని జీవరాశిని జాతులవారీగా గుర్తించే సాధనాలు ఆ కాలానికి ఇంకా రాలేదు.

ఆ ప్రశ్నను మరో వైపు నుంచి తిరిగి ఎత్తుకున్నవారు అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్. మనిషి పేగులో నివసించే కోటానుకోట్ల సూక్ష్మజీవులను, వాటి జన్యువులను కలిపి మైక్రోబయోమ్ అంటారు. మలావీ దేశంలో 317 కవల జంటలను మూడేళ్ల వయసు దాకా గమనించగా, 43 శాతం జంటల్లో ఒక బిడ్డ ఆరోగ్యంగా ఉండగా మరొక బిడ్డ పోషణలోపానికి గురైంది. తల్లి ఒకరే, ఇల్లు ఒకటే, తిండీ ఒకటే. క్వాషియోర్కర్ వచ్చిన బిడ్డ మలంలోని సూక్ష్మజీవులను, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన చిట్టెలుకలలో ప్రవేశపెట్టి మలావీ తిండే పెట్టినప్పుడు అవి బాగా చిక్కిపోయాయి. 2013లో ప్రచురితమైన ఈ ఫలితం గోపాలన్ సందేహానికి పూర్తి సమాధానం కాకపోయినా, వెతకవలసిన చోట ఒకదాన్ని స్పష్టంగా చూపింది.

తల్లిపాలలో బిడ్డ జీర్ణించుకోలేని, ముఖ్యంగా బైఫిడో బాక్టీరియా అరిగించుకోగల చక్కెరలుంటాయి. పైతిండి మొదలైనప్పటి నుంచి పేగులోని సమూహం మారుతూ, రెండుమూడేళ్లకు పెద్దల సమూహాన్ని పోలి స్థిరపడుతుంది. తీవ్ర పోషణలోపమున్న పిల్లలలో ఈ ఎదుగుదల వయసుకు తగ్గట్టు సాగదని, మామూలు చికిత్సతో బరువు పెరిగినా ఆ వెనుకబాటు పూర్తిగా తీరదని ఢాకా పిల్లలపై జరిపిన పరిశీలన 2014లో తెలిపింది. అందుచేత గోర్డన్, ఢాకాకు చెందిన తహ్మీద్ అహ్మద్ కలిసి సూక్ష్మజీవులకు కూడా మేతగా పనికివచ్చే పిండిని రూపొందించారు. శనగ, వేరుశనగ, సోయా పిండ్లు, పచ్చి అరటికాయ అందులోని ముఖ్య పదార్థాలు. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు రోజుకు రెండుసార్లు చొప్పున మూడు నెలలు పెట్టగా, అంతకంటే ఎక్కువ కేలరీలున్న మామూలు పోషకాహారం తిన్న పిల్లల కంటే వీరి బరువు మెరుగ్గా పెరిగిందని 2021లో వెల్లడైంది. ఎత్తులో మాత్రం ఆ గడువులో అటువంటి తేడా కానరాలేదు.

కర్నూలు, కడప సీమలకు ఈ జాబితా కొత్తది కాదు. నల్లరేగడిలో రబీ పంటగా శనగ, ఎర్రనేలల్లో వర్షాధారంగా వేరుశనగ, పులివెందుల చుట్టూ అరటి ఇక్కడి రైతులే పండిస్తారు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం శనగలోనూ కొర్రలోనూ కొత్త వంగడాలను అందించింది. అయినా ఢాకా పిండిని యథాతథంగా తెచ్చి అంగన్‌వాడీలలో పంచితే చాలుననుకోవడం తొందరపాటు. రాగి సంగటి, జొన్న, కొర్ర తినే ఇళ్లలో పిల్లల పేగులోని సమూహం ఎలా ఎదుగుతుందో ఇక్కడే పరిశీలించి, ఇక్కడి గింజలతోనే పిండిని కూర్చి పరీక్షించాలి. పైగా కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే వేరుశనగకు పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ గింజలను పసిబిడ్డ తిండిలో కలపడం క్షంతవ్యం కాదు. శుభ్రమైన తాగునీరు లేనిచోట విరేచనాలు పదేపదే పేగును దెబ్బతీస్తుంటే ఎంత మంచి పిండి అయినా నిలవదు.

అన్నిటికంటే కఠినమైన చిక్కు వలస. ఆదోని, కోసిగి, కౌతాళం పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాల పసిపిల్లలు చేను గట్టున గుడారాల్లో గడుపుతారు. మూడు నెలలపాటు ఒక్కపూటా తప్పకుండా పెట్టవలసిన ఆహారం ఊరి అంగన్‌వాడీ రిజిస్టరులో ఆగిపోకుండా, బిడ్డ వెంట ఆ చేను గట్టుకు చేరే ఏర్పాటు ముందుగా కావాలి.