గడియారముతో పందెము



సైకిలు పందెమనగానే, పలువురు ఒక్కుమ్మడిగా బయలుదేరి, ఒకరినొకరు దాటుకొనుచు గమ్యమును చేరుటయే మన మనస్సునకు తోచును. నేడు నేను ముచ్చటింపబోవు పందెము అట్టిది కాదు. ఇందు పోటీదారులు ఒకరి తరువాత నొకరుగా, నిమిషమునకో రెండు నిమిషములకో ఒకడు చొప్పున, ఒంటరిగా బయలుదేరుదురు. ఒకరి వెనుక నొకరు చాటుగా పోవుట నిషిద్ధము. ఎవడు తక్కువ కాలములో దారి ముగించునో వాడే విజేత. ఇంగ్లీషులో దీనిని టైమ్ ట్రయల్ అందురు. ఫ్రెంచివారు దీనికి గడియారమునకు ఎదురు పందెమని అర్థము వచ్చు పేరు పెట్టినారు. ఈ పందెములో మేలైనది మనుష్యుడా, యంత్రమా అను ప్రశ్న చిరకాలముగా నున్నది. దానినిగూర్చియే నాలుగు మాటలు చెప్పెదను.

కాలువగట్టుమీద ఎదురుగాలిలో సైకిలు త్రొక్కిన వారందరికిని ఈ విద్యలోని మొదటి పాఠము తెలిసియే యున్నది. గాలి బలముగా వీచునప్పుడు మనము తెలియకయే హ్యాండిలుపైకి వంగుదుము. గాలి వీచకున్నను, వేగముగా పోవువానికి తన వేగమే ఎదురుగాలిని కల్పించును. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. ఆ నిరోధమును జయించుటకు వలయు శక్తి యెనిమిది రెట్లగును. సమతలమున గంటకు 40 కిలోమీటర్లకు మించి పోవువానికి ఎదురగు నిరోధములో పదింట తొమ్మిది పాళ్ళు గాలిదే. అందులోను సుమారు నాలుగింట మూడు పాళ్ళు త్రొక్కువాని దేహము వలన కలుగునదే గాని, సైకిలు వలన కాదు. కావున యంత్రమును సవరించుటకంటె మనుష్యుని కూర్చుండు తీరును సవరించుట వలన లాభ మధికము.

ఆ తీరు ఎట్టిది? ముంజేతులు రెండును ముందుకు చాచి, మోచేతులను మెత్తని దిండ్లపై ఆనించి, భుజములు ముడుచుకొని, వీపును బల్లపరుపుగా నుంచి, తలను భుజముల నడుమ దించవలెను. ఈతగాడు నీటిలోనికి దుముకబోవునప్పటి భంగిమ మీకు స్ఫురించును. గాలికి ఎదురగు దేహభాగము ఇందువలన తగ్గును. కాని ఈ లాభము ఊరక వచ్చునది కాదు. నడుము మిక్కిలి వంగినచో తొడలు పొట్టకు తగులును. ఊపిరి సుఖముగా ఆడదు. తుంటి కండరములు పూర్తి బలముతో పనిచేయవు. ఈ నష్టమును పూడ్చుటకై సీటును ముందుకు జరుపుదురు. ఎంత వంగిన గాలి తగ్గునో, ఎంత వంగిన బలము తగ్గునో, ఈ రెంటికిని నడుమ నున్న స్థానమును వెదకుటయే శిక్షకుల పని. అది ఏ ఇద్దరికిని ఒక్కటి కాదు. గాలి సొరంగములో పది నిమిషములు చక్కగా నిలిచిన భంగిమను, దారిమీద గంటసేపు మెడ నొప్పి కోర్చి నిలుపుకొనలేనిచో దానివలన ప్రయోజన మేమి?

ఇక పరికరములు. మామూలు చక్రపు ఆకులు తిరుగునప్పుడు గాలిని చిలుకును. అందుచేత వెనుక చక్రమును పళ్ళెమువలె పూర్తిగా మూసివేయుదురు. 1984లో ఇటలీ దేశీయుడైన ఫ్రాన్సెస్కో మోసర్ మెక్సికో నగరములో ఇట్టి చక్రములతో ఒక గంటలో 51.151 కిలోమీటర్లు పోయి లోకమును ఆశ్చర్యపరచెను. ముందు చక్రమును మాత్రము సామాన్యముగా అట్లు మూయరు. ప్రక్కగాలి కొట్టినచో సైకిలును అదుపులో నుంచుట కష్టము. శిరస్త్రాణము వెనుకకు సాగి వీపుతో కలియునట్లుండును. దుస్తులు చర్మమునకు అంటి యుండును. వదులు చొక్కా గాలికి కొట్టుకొనుట కూడ శక్తికి నష్టమే. సమతలమున బరువు తగ్గించుటకంటె గాలి తగ్గించుట మేలు. కొండ యెక్కునప్పుడు తద్విరుద్ధము.

ఈ మాటలన్నిటికిని నిదర్శనముగా 1989 జులై 23వ తేదీని ఎత్తిచూపుదురు. ఆ సంవత్సరపు టూర్ డి ఫ్రాన్సు పందెము మూడు వారములు జరిగి, సుమారు 3,285 కిలోమీటర్ల దారి ముగియవచ్చెను. కడపటి దినమున వెర్సాయ్ నుండి పారిస్ నగరమునకు 24.5 కిలోమీటర్లు గడియారముతో పందెము. ఫ్రెంచివాడైన లొరాన్ ఫిన్యోన్ 50 సెకనుల ఆధిక్యముతో నుండెను. అమెరికా దేశీయుడైన గ్రెగ్ లెమాండ్ రెండవవాడు. ఇతడు 1986లో ఇదే పందెమును గెలిచి, మరుసటి యేట వేటలో పొరపాటున తుపాకి దెబ్బ తిని, చావు తప్పి బయటపడినవాడు. కిలోమీటరునకు రెండు సెకనులు చొప్పున సంపాదించిన గాని లెమాండునకు గెలుపు లేదు. అది అసాధ్యమని పెక్కురు తలచిరి.

లెమాండు ముంజేతులు చాచి పట్టుకొను కొత్త పిడిని బిగించుకొని, శిరస్త్రాణము ధరించి వచ్చెను. దారిలో తన కాలమెంతయో చెప్పవలదని తనవారికి ముందే చెప్పియుండెను. ఫిన్యోన్ కొమ్ములవలె విడివడిన పాత పిడితో, శిరస్త్రాణము లేక, వెనుక ముడిచిన జుట్టు గాలి కెగురుచుండగా పోయెను. అతనికి సీటు ఒరసి లేచిన పుండు కూడ బాధించుచుండెను. లెమాండు 26 నిమిషముల 57 సెకనులలో, అనగా గంటకు 54.545 కిలోమీటర్ల వేగమున, దారి ముగించెను. ఫిన్యోనునకు 58 సెకనులు అధికముగా పట్టెను. మూడు వారముల శ్రమకు ఫలితము 8 సెకనులలో తేలిపోయినది. ఫిన్యోను నాటి వేగమును బట్టి చూడగా అది సుమారు 117 మీటర్ల దూరము.

పిడియే గెలిచినదని కొందరనిరి. లెక్క వేసి చూతము. ఇరువురును ఒకే భంగిమలో నుండినచో, అంతటి వేగభేదమునకు లెమాండు సుమారు నూటికి 11 పాళ్ళు అధికశక్తి చూపవలసి యుండెడిది. అంతటి భేదము సమానులైన ఇద్దరి నడుమ సులభముగా కలుగునది కాదు. కావున భంగిమ వలన కొంత, ఫిన్యోను పుండు వలన కొంత, లెమాండు పట్టుదల వలన కొంత అని చెప్పుట న్యాయము.

భంగిమకు ఇంతటి మహిమ యున్నదని తెలిసిన పిదప, హద్దు ఎచ్చట అను ప్రశ్న వచ్చెను. స్కాట్లాండు దేశీయుడైన గ్రేమ్ ఓబ్రీ బట్టలుతుకు యంత్రములోని బేరింగులను గూడ చేర్చి స్వయముగా సైకిలు నిర్మించుకొని, చేతులను రొమ్ము క్రింద మడిచి, 1993లో మోసరు గంట రికార్డును దాటెను. అంతర్జాతీయ సైకిలు సంఘమువారు 1994లో ఆ భంగిమను నిషేధించిరి. అతడు చేతులు పూర్తిగా ముందుకు చాచు మరియొక భంగిమను కనిపెట్టగా, 1996లో దానిని గూడ నిషేధించిరి. ధనబలము లేక బుద్ధిబలముతో వచ్చినవానికి ఇది కఠినమైన తీర్పు. అయినను హద్దే లేనిచో పందెము కార్ఖానాల నడుమ జరుగును గాని మనుష్యుల నడుమ జరుగదు.

ఇప్పుడు పోటీదారు త్రొక్కు శక్తిని కొలుచు సాధనములు సైకిలునకే అమర్చియుందురు. దారి వాలు, గాలి, బరువు తెలిసినచో కాలమును మిక్కిలి దగ్గరగా ముందే గణింపవచ్చును. అయినను 2020 సెప్టెంబరు 19వ తేదీని చూడుడు. ఆనాటి 36.2 కిలోమీటర్ల పందెమునకు ముందు స్లొవేనియా దేశీయుడైన ప్రిమోజ్ రోగ్లిచ్ 57 సెకనుల ఆధిక్యముతో నుండెను. అది చాలునని ఎల్లరును నమ్మిరి. దారి చివర పెద్ద కొండ. ఆ దేశమువాడే, 21 సంవత్సరముల తదే పొగాచార్, కొండ మొదటికి రాకమునుపే ఆ ఆధిక్యమును కరిగింప మొదలిడెను. కొండ మొదట ఇరువురును తేలిక సైకిళ్ళు మార్చుకొనిరి. రోగ్లిచ్ శిరస్త్రాణము ప్రక్కకు ఒరిగిపోయెను. పొగాచార్ ఆనాడు అతనికంటె 1 నిమిషము 56 సెకనులు ముందుగా ముగించి, మొత్తముమీద 59 సెకనులతో టూర్ గెలిచెను. రోగ్లిచ్ చేతగానివాడా? కాదు; మరుసటి యేట టోక్యో ఒలింపిక్సులో ఇట్టి పందెముననే బంగారు పతకము పొందినాడు. ఆ దినమున అతని దేహములో ఎంత శక్తి మిగిలియున్నదో లెక్క వేసినవారెవ్వరికిని తెలియదు.

కావున జోస్యము చెప్పగోరువారు మొదట దారిని చూడవలెను: సమతలమా, కొండయా? పిమ్మట గాలిని చూడవలెను. ముందు బయలుదేరినవానికిని వెనుక బయలుదేరినవానికిని గాలి ఒక్కటి కాకపోవచ్చును. పోటీదారు ఎన్ని దినముల శ్రమ పడి వచ్చినాడో విచారింపవలెను. తుదకు, దారిలో మూడవవంతు మిగిలియుండగా అతని తలను గమనింపుడు. తల పైకి లేచి, భుజములు ఊగ నారంభించినచో, పరికరము లెంత వెలగలవైనను అతని బలము సన్నగిలినదని గ్రహింపవచ్చును. యంత్రము గాలిని తగ్గించును. ఆ వంగిన భంగిమలో బాధ నోర్చి నిలుచుట మాత్రము మనుష్యుని వంతు. ఈ పందెములో నేను మెచ్చునది ఆ ఓర్పునే. సెలవు.