ట్రక్కును లాగు ట్రాక్టరు



ట్రాక్టరు కొనదలచిన రైతు దుకాణమునకు పోయి మొట్టమొదట అడుగు ప్రశ్న, "దీనికి హార్సుపవరు ఎంత?" అని. అమ్మువాడును ఆ సంఖ్యనే ముందుగా చెప్పును. పొరుగువాడు 45 హార్సుపవరుది కొన్నచో తాను 50 ది కొనవలెనను పట్టుదలయు ఒక్కొక్కచో కలుగుచుండును. దుక్కికిని, దమ్ముకును ఆ సంఖ్య కొంతవరకు ప్రమాణమే. కాని చాల యిండ్లలో ట్రాక్టరు పొలములో నుండు కాలముకంటె బాటపై నుండు కాలమే హెచ్చు. ఎరువు తోలుట, ధాన్యము తోలుట, చెఱకు తోలుట, ఇసుక తోలుట, ఇవన్నియు ట్రక్కుతో చేయు పనులే. ఈ ట్రక్కునే కొన్ని తావుల ట్రాలీ యనియు, ట్రెయిలరనియు వ్యవహరింతురు. దీనిని లాగుటకు ఎట్టి ట్రాక్టరు తగినదో విన్నవించుటయే నేటి ప్రసంగోద్దేశము. చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే: లాగగల శక్తిని మాత్రమే చూచి ట్రాక్టరును కొనరాదు, మోయగల శక్తిని, నిలుపగల శక్తిని చూచి కొనవలెను.

ఎద్దులబండి తోలినవారికి ఈ విషయము క్రొత్తది కాదు. బండిలో బస్తాలు వేయునపుడు ఇరుసుకు ముందు బరువు హెచ్చినచో కాడి ఎద్దుల మెడలను అణచివేయును. వెనుక హెచ్చినచో కాడి పైకి లేచి మెడత్రాళ్లు గొంతులను బిగించును. తెలిసిన బండివాడు కాడిని చేతితో ఎత్తిచూచి, బస్తాలను ముందునకో వెనుకకో జరిపి, బరువును సరిచేసికొనెడివాడు. దిగుడు బాటలో బండిని ఆపవలసినవియు ఆ యెడ్ల మెడలేయని యెఱిగి, బరువును మితముగా వేసెడివాడు. మోయువానికే తెలియును కావడి బరువు. ఎద్దు ప్రాణము గల జీవము గనుక, తాళలేనిచో నిలిచిపోవును, మోకరిల్లును, మనకు తెలియజేయును. ట్రాక్టరు నోరులేనిది. తాళలేని బరువును సైతము లాగుచునేయుండి, ఒక్కనాడు తలక్రిందుగును.

ఇక లెక్కలోనికి వత్తము. ట్రక్కు బరువును, అందలి సరకు బరువును కలిసి 6 టన్నులనుకొందము. చదునైన తారురోడ్డుపై నూటికి రెండు వంతుల చొప్పున, అనగా సుమారు 120 కిలోల బలముతో లాగినచో అది కదలుచుండును. మంచి జత ఎడ్లు తమ శరీరభారములో పదవవంతు బలముతో దినమెల్ల లాగగలవందురు. ఆ లెక్కను చూచినచో, ఈ 120 కిలోలు జత ఎడ్ల బలమునకు కొంచెము మించినదే గాని, మహాబలమేమియు కాదు. కావుననే చిన్న ట్రాక్టరైనను చదును బాటపై పెద్ద ట్రక్కును సునాయాసముగా లాగికొని పోవును. అది చూచి రైతు, "నా బండికి ఈ బరువొక లెక్కయా?" యని మురిసిపోవును. ఆ మురిపెమే ముప్పునకు మొదలు.

అదే ట్రక్కు కాలువగట్టు నెక్కవలసివచ్చినదనుకొందము. పది గజముల దూరమునకు ఒక గజము ఎత్తు గల ఏటవాలున, ఆ 6 టన్నుల ట్రక్కుకే 600 కిలోల బలము అదనముగా కావలెను. ట్రాక్టరు తన 2 టన్నుల శరీరమును తాను ఎత్తుకొనుటకు మరి 200 కిలోలు కావలెను. ఇంజను ఆ బలమును ఈయగలదు. కాని ఆ బలము నేలను పట్టుకొనవలసినది వెనుక చక్రముల ద్వారముననే గదా! చక్రముపై తగిన బరువు లేనిచో, నేల తడిసియున్నచో, చక్రము తిరుగుచునే యుండును, బండి మాత్రము కదలదు. కావున హార్సుపవరు హెచ్చి బరువు తక్కువైన ట్రాక్టరు ట్రక్కుపనికి తగినది కాదు. వెనుక టైర్లలో నీరు నింపుటయు, చక్రములకు ఇనుప దిమ్మెలు బిగించుటయు ఈ కారణముచేతనే.

ముందు చక్రముల సంగతి ఇంతకంటె సున్నితమైనది. రెండు చక్రముల ట్రక్కు తన బరువులో కొంత భాగమును ట్రాక్టరు కొక్కెముపై మోపును. ఆ కొక్కెము వెనుక ఇరుసుకు వెలుపల, సుమారు రెండున్నర అడుగుల దూరమున ఉండును. త్రాసుకోల యొక్క ఒక కొనను క్రిందికి నొక్కినచో రెండవకొన లేచునట్లు, వెనుక పడిన బరువు ముందు చక్రములను పైకి లేపును. కొక్కెముపై 600 కిలోలు పడినచో, సామాన్యమైన ట్రాక్టరు ముందు ఇరుసుపై సుమారు 225 కిలోలు తగ్గును. గట్టు నెక్కునపుడు లాగుడు బలముచే మరి 150 కిలోలు తగ్గవచ్చును. 2 టన్నుల ట్రాక్టరు ముందు ఇరుసుపై నుండునది 700 కిలోల ప్రాంతము. అందు సగమునకు పైగా పోయినపుడు స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. బాట ఎటు పోయినను బండి తిన్నగా కాలువలోనికి పోవును. కొక్కెమును ఉండవలసిన చోటికంటె ఎత్తున బిగించుట మరింత ప్రమాదము. ముందుభాగము పూర్తిగా లేచి, నడుపువానిపై వెనుకకు బోర్లపడగలదు.

జాతీయ రహదారులపై పోవు పొడవైన ట్రెయిలరు లారీలను మీరు చూచియుందురు. వానిలో వెనుకబండి ముందుభాగము కొక్కెమున తగిలింపబడక, లారీ వెనుక ఇరుసుల మీదనే ఒక గుండ్రని ఇనుప పలకపై కూర్చుండును. ఆ పలకకు 'అయిదవ చక్రము' అని పేరు. పూర్వము నాలుగు చక్రముల గుఱ్ఱపుబండ్లలో ముందు ఇరుసు తిరుగుటకై అడ్డముగా అమర్చిన వలయమునకు ఆ పేరుండెడిది. అదియే లారీలకు సంక్రమించినది. బరువు ఇరుసు మీదనే పడుటచేత ముందు చక్రములు లేవవు. అమెరికా దేశమున కొందరు ఇల్లువంటి బండ్లను ఇట్లే తమ పికప్ ట్రక్కులకు తగిలించికొని దేశసంచారము చేయుదురు. అక్కడి తెలుగు కుటుంబములకును ఆ బండ్లు తెలిసినవే. అచట సైతము కొనువారు చేయు పొరపాటు మనము చేయునదే. ప్రకటనలో లాగుడు శక్తిని చూతురు. వెనుకబండి బరువులో సుమారు అయిదవవంతు పికప్ వీపుపై పడునని మరతురు. ఆ మోయు శక్తి ఎంతయో బండి తలుపు చట్రముపై అంటించిన చీటీలోనే వ్రాసియుండును. 5 టన్నుల బండిని లాగగల పికప్, దాని మూలమున వీపుపై పడు 1 టన్నును మోయలేకపోవచ్చును. యంత్రములు వేఱైనను న్యాయము ఒక్కటే.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన నిలుపు శక్తిని గూర్చి చెప్పెదను. మన ట్రక్కులలో పెక్కింటికి బ్రేకులు లేవు. ట్రాక్టరు బ్రేకే తనను, ట్రక్కును, సరకును, అన్నిటిని ఆపవలెను. గట్టు నెక్కునపుడు వెనుకకు లాగిన ఆ 600 కిలోలే, దిగునపుడు ముందుకు త్రోయును. వేగము ఇబ్బడియైనచో ఆపుటకు కావలసిన శక్తి నాలుగింతలగును. ట్రాక్టరు ఆగి ట్రక్కు ఆగనిచో, ట్రక్కు ప్రక్కకు మళ్లి ట్రాక్టరును ఒరగద్రోయును.

ట్రాక్టరు తయారుచేయువారు తమ సూచనాపుస్తకములలో చెప్పు నియమమొకటి కలదు. బ్రేకులు లేని వెనుకబండి, సరకుతో సహా, ట్రాక్టరు బరువునకు ఒకటిన్నర రెట్లు మించరాదు. వేగము గంటకు 32 కిలోమీటర్లు దాటరాదు. ఈ నియమమును మన ట్రాక్టరునకు అన్వయించి చూడుడు. ట్రాక్టరు 2 టన్నులు. కావున ట్రక్కును సరకును కలిసి 3 టన్నులు. ఖాళీ ట్రక్కు 1,200 కిలోలనుకొన్నచో సరకునకు మిగులునది 1,800 కిలోలు. బస్తా 75 కిలోల చొప్పున 24 బస్తాలు! మన బాటలపై పోవు ట్రక్కులలో ఎన్ని బస్తాలుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. అంతకు మించి తోలవలసినవాడు ట్రక్కునకు బ్రేకులు పెట్టించుకొనవలెను. లేదా రెండు పర్యాయములు తోలవలెను.

సరకును బట్టియు బరువు మాఱును. పదియడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టిని ధాన్యముతో నింపినచో సుమారు 2 టన్నులు. అదే తొట్టిని తడియిసుకతో నింపినచో ఇంచుమించు 6 టన్నులు. తొట్టి నిండినదా యని చూచువాడు మోసపోవును. ఒక్కసారి కాటాపై తూకము వేయించినవాడు మోసపోడు.

కావున ట్రాక్టరు కొనువారు ఈ క్రమమున ఆలోచింపవలెను. మొదట, తాము సంవత్సరములో తోలు సరకులలో మిక్కిలి బరువైనదేదో తెలిసికొనవలెను. రెండవది, తమ బాటలో మిక్కిలి నిట్రమైన గట్టు ఏదో, వానకాలమున అది ఎట్లుండునో చూచుకొనవలెను. మూడవది, ట్రాక్టరు మొత్తపు బరువును, ముందు వెనుక ఇరుసులపై వేఱువేఱుగ పడు బరువులను అడుగవలెను. ముందుభాగమున ఇనుప దిమ్మెలు తగిలించు ఏర్పాటు ఉండవలెను. నాలుగవది, బ్రేకులు. నూనెలో మునిగియుండు బ్రేకులు బురదలో తిరుగు మన బండ్లకు మేలైనవి. ట్రక్కు బ్రేకులను నడిపించు అమరిక ఉన్నచో మరియు మేలు. అయిదవది, సీటు వెనుక ఇనుప కమాను, దానితోపాటు సీటు బెల్టు. హార్సుపవరు ఆఱవది. పై అయిదింటికి సరిపడిన పిమ్మట హెచ్చు హార్సుపవరుకై చేయు అప్పు ఇంటికి భారమే గాని బండికి బలము కాదు.

ఈ సంఖ్యలను అమ్మువాని నోట వినుటకంటె పరీక్షాపత్రమున చూచుట మేలు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున విల్మాట్ క్రోజియర్ అను రైతు ఒక ట్రాక్టరును కొనెను. అది అమ్మువారు చెప్పిన పని చేయలేదు. ఆయన పిదప శాసనసభ్యుడై, తోడి సభ్యునితో కలిసి 1919 లో ఒక చట్టమును తెచ్చెను. విశ్వవిద్యాలయము వారు పరీక్షించి నిగ్గుతేల్చిన మాదిరి ట్రాక్టర్లనే ఆ రాష్ట్రమున అమ్మవలెనని దాని సారము. 1920 నుండి ఆ పరీక్షలు జరిగినవి. మన దేశమున మధ్యప్రదేశములోని బుధ్నీలో కేంద్రప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలను ప్రకటించుచున్నది. కొక్కెము వద్ద ట్రాక్టరు నిజముగా ఎంత బలముతో లాగినదో, ఏ ఇరుసుపై ఎంత బరువున్నదో, బ్రేకు ఎంత దూరమున ఆపినదో అందుండును. మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను వ్యవసాయ యంత్రముల శిక్షణకు, పరీక్షకు కేంద్రసంస్థ కలదు. కొనబోవు బండి నివేదికను చూపుమని అమ్మువానిని అడుగుడు. చదువుకొన్న మీ పిల్లలచే చదివించి వినుడు.

నడుపువారికి నాలుగు మాటలు. ట్రాక్టరునకు రెండు వెనుక చక్రములకు రెండు బ్రేకు పెడళ్లు ఉండును. పొలములో వానిని విడదీయవచ్చును గాని, బాటపైకి వచ్చునపుడు రెండింటిని తప్పక కలిపి గొళ్లెము వేయవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి బండి బోర్లపడును. దిగుడు బాట ఆరంభమునకు ముందే చిన్న గేరు వేయవలెను. డీజిలు మిగులునని న్యూట్రలులో వదలరాదు. మిగులునది పది రూపాయలు, పోవునది ప్రాణము. చీకటి పడినచో ట్రక్కు వెనుక ఎఱ్ఱని వెలుగైనను, మెఱయు పట్టీలైనను ఉండవలెను.

కడపటి మాట మనుష్యులను గూర్చినది. ట్రక్కు సరకు మోయుటకు పుట్టిన బండి. మనుష్యులను మోయుటకు కాదు. 2018 జూన్ మాసమున యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద, వ్యవసాయపు కూలికి పోవు స్త్రీలతో నిండిన ట్రక్కు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. అంతకు రెండు మాసముల ముందే నల్లగొండ జిల్లాలో మిరపకోతకు పోవు కూలీల ట్రాక్టరు మరియొక కాలువలో పడెను. అచటను ప్రాణములు పోయినవి. ధాన్యపు బస్తా వేసిన చోటనే ఉండును. మనుష్యులు లేతురు, నిలుతురు, ఒకవైపునకు ఒరగుదురు. బరువు క్షణక్షణము మాఱును. ట్రక్కు ఒరిగినపుడు పట్టుకొనుటకు వారికి ఏమియు ఉండదు.

నాట్లకాలమున కూలీలను, పెండ్లికాలమున బంధువులను ట్రక్కులలో ఎక్కింపవలదని గ్రామములో ఎవరు చెప్పవలెను? యంత్రమును కొన్న కుఱ్ఱవాడు చెప్పడు. తొందరలో నున్న ఆసామి చెప్పడు. కూలికి పోవు ఆడబిడ్డ ఎక్కననిన నాటి కూలి పోవును గనుక చెప్పలేదు. ఆ మాట చెప్పదగినవారు పెద్దలైన మీరే. మీ గ్రామమున ఎవరైనను ట్రాక్టరు కొనుటకు సలహా అడుగ వచ్చినపుడు, "ఎంత లాగును?" అని గాక, "మన గట్టు మీద నిండు బరువుతో దీనిని ఆపగలవా, నాయనా?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే బయానా ఇప్పింపుడు.