ఎదిగే పిల్లలు – అన్నమంటే భయము
(కినత్తుకడవు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘమువారు పిల్లల ఆరోగ్యమును గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్ములను ఆజ్ఞాపించారు. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవారము. అయినా ఈ మూడేండ్లుగా ఒక జబ్బును గురించి దొరికినదెల్లా చదువవలసి వచ్చినది. మా దగ్గరి బంధువుల ఇంట పదహారేండ్ల పిల్ల అన్నము మానివేసినది.

మొదట ఎవరికీ అనుమానము రాలేదు. చదువులో ముందుండే పిల్ల. శనివారము ఉపవాసమన్నది; కొన్నాళ్ళకు శుక్రవారము కూడా అన్నది. ఇంట్లో భక్తి అనుకొని సంతోషించారు. తరువాత కడుపు ఉబ్బరమన్నది. ఎండాకాలములో చలి అన్నది. వదులు బట్టలు వేసుకొన్నది. జుట్టు రాలి, నెలసరి నిలిచిపోయిన తరువాత దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, చివరకు ఆసుపత్రికి తీసుకొనిపోయారు. గుండె నిమిషమునకు నలభైసార్లే కొట్టుకొంటున్నదని అక్కడ తెలిసినది.

జబ్బు పేరు అనోరెక్సియా నెర్వోసా. 1873లోనే లండనులో సర్ విలియం గల్, పారిసులో లసేగ్ అనే వైద్యులు దీనిని వర్ణించారు. ఒక్కసారిగా విపరీతముగా తిని, వెంటనే వాంతి చేసుకొనే బులీమియా అనే జబ్బును 1979లో జెరాల్డ్ రస్సెల్ వివరించారు. మనసు జబ్బులలో ప్రాణము తీసేవాటిలో మొదటి వరుసలో చెప్పదగినది ఈ అనోరెక్సియా. కనుక ఇది పిల్ల మొండితనము కాదు, సోకు అంతకంటె కాదు.

ఎవరికి వస్తుంది? వంశములో ఉంటే వచ్చే అవకాశము ఎక్కువ. ఆందోళన స్వభావము గల పిల్లలకు, ప్రతి పనీ తప్పు లేకుండా చేయవలెనని తపించే పిల్లలకు ముప్పు ఎక్కువ. నూటికి తొంభై ఎనిమిది వస్తే రెండు మార్కులు ఎక్కడ పోయినవని ఏడ్చే పిల్లను చూచి మనము మురిసిపోతాము. కొంచెము కనిపెట్టి చూడవలసినది ఆ పిల్లనే. చిన్ననాటి నుండి ఇన్సులిను తీసుకొనే పిల్లలకు, నాట్యము, కుస్తీ వంటి బరువు లెక్కచూచే విద్యలలో ఉన్నవారికి కూడా ముప్పున్నది. మగపిల్లలకు రాదనుకోవద్దు. కండలకోసము అన్నము మానేవారు మన వీధిలోనే ఉన్నారు.

ఇక మాటల సంగతి. మన తెలుగులో గుండు అంటే తల గొరిగించుకొన్నది. ఇక్కడి తమిళములో లావుపాటి మనిషి. మన పిల్లలు రెండు భాషలలోనూ పెరుగుతున్నారు గనుక ఆ మాట ఎక్కడ తగులవలెనో అక్కడే తగులుతుంది. మేము చెప్పిన పిల్ల చదివిన బడిలో పిల్లలను వరుసగా నిలబెట్టి, తూచి, బరువు పైకి చదివారట. ఒకప్పుడు స్టేషన్లలో కాసు వేస్తే బరువూ జోస్యమూ అచ్చువేసి అట్టచీటి ఇచ్చే యంత్రముండేది. అదైనా చీటి మన చేతికే ఇచ్చేది, ప్లాట్‌ఫారమంతా వినిపించేది కాదు! ఆ పైన ఇంటికి వస్తే మేనత్త పెళ్ళిచూపుల మాట ఎత్తుతుంది.

బొమ్మల ప్రభావము ఎంతో తెలియవలెనంటే ఫిజీ దీవులను చూడండి. 1903 నుండి మన తెలుగువారు కూడా కూలికి వెళ్ళిన దేశమది. అక్కడి ఆదివాసులలో నిండైన శరీరమే అందము. 1995లో నద్రోగా ప్రాంతమునకు టెలివిజను వచ్చినది. బరువు తగ్గుటకు వాంతి చేసుకొనే బడిపిల్ల అప్పుడు ఒక్కతె కూడా లేదు. 1998 నాటికి నూటికి పదకొండుగురు. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు లెక్కతేల్చిన విషయమిది. నేడు ఆ టెలివిజను పిల్లల గుప్పిట్లో ఉన్నది.

అయితే మన వైపు ఈ జబ్బు వేరే వేషములో రావచ్చును. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశీలనలో, తిండి రుగ్మతతో వచ్చిన పిల్లలలో ఎక్కువమందికి ఉన్నది మనోవ్యథ వలన వచ్చే వాంతులే. హాంకాంగులోనూ చాలామంది రోగులు "లావవుతాను" అనలేదు, "కడుపు నిండుగా ఉన్నది" అన్నారు. మన పిల్ల అన్నదీ అదే కదా.

"రెండు దెబ్బలు వేస్తే తింటుంది" అనే పెద్దలకు ఒక సంగతి మనవి. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి ఇష్టముతోనే, ఆరు నెలలు అరకడుపుతో ఉంచారు. వారు చిరాకుపడ్డారు, నలుగురిలో కలియుట మానారు, పగలూ రాత్రీ తిండినే తలచారు. వంట పుస్తకములు పోగుచేసినవారు కూడా ఉన్నారు. పస్తే మనసును మారుస్తుంది. అందువలన మొదటి మందు అన్నమే. 1980ల నుండి లండను మాడ్‌స్లీ ఆసుపత్రివారు పెంపొందించిన పద్ధతిలో తల్లిదండ్రులను నిందించరు. వారినే ప్రక్కన కూర్చుండి తినిపించమంటారు. మా బంధువులు ఎనిమిది నెలలు అట్లే చేశారు. వాళ్ళమ్మ ప్రతి పూటా పిల్లతో కూర్చొని తిన్నది. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే ఆ తల్లికి కూడా వేళకు అన్నము దొరికినది అప్పుడే. పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతున్నది. భయము పూర్తిగా పోలేదు.

పిల్ల బరువు తగ్గుతున్నా, నెలసరి నిలిచినా, భోజనము కాగానే స్నానాలగదికి పోయి తలుపు వేసుకొంటున్నా ఆలస్యము చేయవద్దు. మూర్ఛపోయినచో ఆ పూటే ఆసుపత్రి. ఎవరిని అడుగవలెనో తెలియనివారు 14416కు ఫోను చేయవచ్చును. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది. తమిళములోనూ తెలుగులోనూ మాట్లాడుతారు.

ఇప్పుడు పంక్తి భోజనములు. వడ్డించేవారికి ఒక మనవి. విస్తరి ముందు కూర్చున్న ఏ పిల్లనూ "చిక్కిపోతివే" అని గాని, "బాగా ఒళ్ళు చేస్తివే" అని గాని అనవద్దు. పప్పు వేయమంటావా అని అడిగి, వేసి, ముందుకు సాగండి.