ఫ్రేముకు తీగ కట్టకుంటే పట్టు నిలవదు

(రామకృష్ణాపూర్‌లో జరిగిన మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం పత్తి ధర గురించి, కరెంటు గురించి, ఓపెన్‌కాస్ట్ కింద పోయిన భూముల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మమ్మల్ని తేనెటీగల పెట్టె గురించి చెప్పమన్నారు. అందులోనూ ఒక చిన్న ముక్క గురించే చెప్తాం. ఫ్రేముకు కట్టే తీగ. ఇంత చిన్న విషయానికి ఉపన్యాసం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ తీగ లేక మాకు ఏమైందో వింటే ఎందుకో అర్థమవుతుంది.

మేము ఎనిమిది కుటుంబాల వాళ్లం కలిసి మామిడి తోటల్లో పన్నెండు పెట్టెలు పెట్టుకున్నాం. పెట్టెలు సబ్సిడీ మీద వచ్చాయి. ఫ్రేములు, ఈగలు, మైనపు షీట్లు అన్నీ ఒకేసారి ఇచ్చి, ఒక పూట చూపించి వెళ్లిపోయారు. ఫ్రేముల పక్క కర్రలకు నాలుగేసి చిన్న రంధ్రాలు ఉన్నాయి. అవి ఎందుకో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. షీటును పై కర్ర గాడిలో దూర్చి, మైనం కరిగించి పోసి అతికించాం. మామిడి పూతకు ఈగలు బాగా పనిచేశాయి. ఫ్రేములు బరువెక్కాయి. మాకు సంబరం.

మే నెల వచ్చింది. మన రామగుండం, గోదావరిఖని, మందమర్రి పట్టీలో మే అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నలభై ఐదు డిగ్రీలు మనకు కొత్త కాదు. ఒక రోజు మధ్యాహ్నం తోటకు పోతే, ఒక పెట్టె వాకిలిలోంచి తేనె కారుతోంది. మూత తీసి చూస్తే రెండు పట్లు పై కర్ర నుంచి ఊడి, పక్క పట్ల మీద ఒరిగి, అన్నీ ఒక ముద్దయినాయి. తేనెలో మునిగి ఈగలు చచ్చాయి. పిల్ల పురుగులు నలిగాయి. రాణి ఈగ దొరకలేదు. తేనె వాసనకు చీమలు, పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వచ్చాయి. ఆ వారంలో పన్నెండింటిలో నాలుగు పెట్టెలు అట్లా పోయాయి.

మాలో ఒకాయన ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసి రిటైరైనవాడు. ఆ ముద్దను చూసి ఆయన ఒకటే మాట అన్నాడు: "సపోర్టు లేని రూఫు కింద మనిషిని ఎవరన్నా పనికి పెడతారా? ఇదీ అంతే. బరువు పడకముందే సపోర్టు పెట్టాలె." ఈ రోజు మేము చెప్పదలుచుకున్నది మొత్తం ఆ మాటలోనే ఉంది.

ఇది ఎందుకు జరిగిందో తెలుసుకుందాం. చెట్టు తొర్రలో, పుట్టలో ఉండే ఈగలు పట్టును తామే కట్టుకుంటాయి. పైన వెడల్పుగా, పక్కలకు కూడా అతికించి కడతాయి. ఆ పట్టును ఎవరూ బయటికి లాగరు, తిప్పరు. మనం పెట్టెలో పెంచేటప్పుడు అట్లా కుదరదు. ఫ్రేము తీయాలి, చూడాలి, మళ్లీ పెట్టాలి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు, పట్టుకు పట్టుకు మధ్య, పట్టుకు గోడకు మధ్య ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందు ఉంచితే ఈగలు దాన్ని పూడ్చవని గమనించి, తీసి పెట్టుకునే ఫ్రేముల పెట్టె తయారు చేశాడు. 1857లో జర్మనీలో మెరింగ్ అనే ఆయన మైనపు షీటు మీద ఆరు మూలల అచ్చు వేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ అచ్చు మీదే ఈగలు గోడలు లేపుతాయి. 1865లో తేనెను గిర్రున తిప్పి తీసే యంత్రం వచ్చింది. ఈ మూడూ కలిస్తేనే ఇప్పటి తేనెటీగల పెంపకం.

షీటు ఎందుకు కావాలంటే, కిలో మైనం తయారు చేయాలంటే ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయి. షీటు ఇస్తే ఆ ఖర్చు చాలా వరకు మిగులుతుంది. పట్టు కూడా ఫ్రేములో తిన్నగా లేస్తుంది. కానీ ఆ షీటు చాలా తేలిక. అది నిండిన నాడు మోయాల్సింది రెండున్నర, మూడు కిలోల తేనె. మైనం కరిగేది అరవై రెండు డిగ్రీల పైన. అయితే కరగడానికి చాలా ముందే, నలభై దాటగానే అది మెత్తబడి బలం తప్పుతుంది. ఈగలు నీళ్లు మోసి, రెక్కలతో విసిరి పిల్లల గదిని ముప్పై నాలుగు, ముప్పై ఐదు డిగ్రీల దగ్గర ఆపుతాయి. పెట్టెకు నీడ లేకపోయినా, దగ్గర్లో నీళ్లు దొరకకపోయినా వాటి చేతుల్లో ఏమీ ఉండదు.

పట్టు ఊడిపడకపోయినా నష్టం ఉంటుంది. మెత్తబడ్డ షీటు కిందికి సాగుతుంది. పై వరుసల అరలు పొడవుగా సాగిపోతే అందులో కూలీ ఈగల పిల్లలు సరిగా పెరగవు, పోతు ఈగలే ఎక్కువవుతాయి. తీగ లేని పట్టు యంత్రంలో తిప్పితే ముక్కలవుతుంది. బొగ్గు లారీలు తిరిగి గుంతలు పడ్డ రోడ్డు మీద ఆటోలో పెట్టెలు మార్చినా విరుగుతుంది.

ఇక తీగ కట్టే పద్ధతి. మేము దెబ్బ తిన్నాక నేర్చుకున్నదే చెప్తున్నాం.

మొదట తీగ. 28 గేజి, అంటే సుమారు 0.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ కావాలి. మామూలు ఇనుప తీగ తుప్పు పడుతుంది. మోటారు వైండింగ్ రాగి తీగ సాగుతుంది. సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైరు మందం, అది షీటును చీరేస్తుంది.

లాంగ్‌స్ట్రాత్ పెద్ద ఫ్రేముకు పక్క కర్రల్లో నాలుగు రంధ్రాలు, నాలుగు వరుసల తీగ. మన దేశవాళీ ఈగల చిన్న ఫ్రేముకు రెండు వరుసలు చాలు. రంధ్రాలు లేకుంటే ఐదారు పక్క కర్రలు ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి డ్రిల్లు వేయండి, అన్నీ ఒకే కొలతలో వస్తాయి. రంధ్రంలో ఇత్తడి ఐలెట్ వేయాలి. అది లేకపోతే బిగించిన తీగ మెత్తని చెక్కను కోసుకుంటూ పోయి వారంలో వదులవుతుంది.

ఒక పక్క కర్ర అంచున రెండు చిన్న మేకులు సగం వరకు కొట్టండి. తీగ కొస మొదటి మేకుకు చుట్టి, మేకు పూర్తిగా దించండి. తీగను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నాలుగు రంధ్రాల గుండా తీసుకురండి. ఇప్పుడు మొదటి వరుస నుంచి ఒక్కొక్క వరుస బిగిస్తూ రండి. వేలితో మీటితే సన్నగా మోగాలి. మోగకపోతే వదులు. మరీ బిగిస్తే పక్క కర్రలు లోపలికి వంగుతాయి. అందుకే బిగించేటప్పుడు ఫ్రేము మధ్యలో సరైన కొలత కర్ర ముక్క అడ్డం పెట్టుకోండి. చివరి కొస రెండో మేకుకు చుట్టి, మేకు దించి, మిగిలింది తుంచేయండి. తుంచిన కొస బయటికి ఉంటే వేళ్లు చీరుకుంటాయి.

తీగ కట్టడం సగం పనే. షీటు తీగ మీద ఊరికే ఆనుకుని ఉంటే లాభం లేదు, తీగ మైనంలో దిగాలి. ఫ్రేము లోపల పట్టేటంత పలక ఒకటి చేసుకుని, దాని మీద తడి గుడ్డ పరవండి. షీటు దాని మీద పెట్టి, పై అంచు గాడిలో కూర్చునేటట్టు ఫ్రేమును పైనుంచి దించండి. తీగ షీటు మీద ఆనాలి. తీగ రెండు కొసలకు పన్నెండు వోల్టుల బ్యాటరీ తాకిస్తే కొన్ని సెకన్లలో తీగ వేడెక్కి మైనంలోకి దిగుతుంది. దిగగానే తీసేయాలి, ఇంకొంచెం ఉంచితే షీటును కోసేస్తుంది. మన మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండేది పన్నెండు వోల్టుల బ్యాటరీయే, అది సరిపోతుంది. ఇంటి కరెంటు మాత్రం చచ్చినా వాడొద్దు, ప్రాణం పోతుంది. బ్యాటరీ లేనివాళ్లకు పళ్ల చక్రం దొరుకుతుంది. దాన్ని వేడి నీళ్లలో ముంచి తీగ వెంట దొర్లిస్తే చాలు.

తర్వాత పై గాడిలో కరిగిన మైనం సన్నగా పోయండి. కింద మాత్రం షీటుకు, కర్రకు మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు వదలండి. వేడికి షీటు సాగితే ఆ జాగా కావాలి, లేకుంటే మధ్యలో ఉబ్బుతుంది.

తీగ వెంటనే దొరకకపోతే రెండు దారులున్నాయి. ఒకటి వెదురు పుల్లలు. అగ్గిపుల్ల కంటే సన్నగా చీల్చి, మరిగే మైనంలో ముంచి తీసి, షీటు మీద నిలువుగా ఐదారు అదిమితే పట్టును బాగానే మోస్తాయి. రెండోది ఆడవాళ్లు తలలో పెట్టుకునే పిన్నులు. పక్క రంధ్రాల్లోంచి దూర్చి షీటు అంచు పట్టించవచ్చు. కానీ అవి అంచులనే పట్టుకుంటాయి, మధ్యలో సాగడాన్ని ఆపవు. చిన్న ఫ్రేములకు సరే, పెద్దవాటికి నమ్మకండి.

షీటు కొనేటప్పుడు కూడా జాగ్రత్త. పారాఫిన్ కలిపిన షీటు తొందరగా సాగుతుంది. అసలు మైనానికి తేనె వాసన ఉంటుంది.

ఇప్పుడు లెక్క వినండి. ఒక పెద్ద ఫ్రేముకు పట్టే తీగ రెండు మీటర్ల పైచిలుకు. పది ఫ్రేముల పెట్టెకు ఇరవై రెండు మీటర్లు. తూకం వేస్తే పాతిక గ్రాములు దాటదు. పాతిక గ్రాముల తీగ లేక మేము నాలుగు పెట్టెల ఈగలను, ఒక సీజను తేనెను పోగొట్టుకున్నాం. తప్పులో మా పాలు కూడా ఉంది, రంధ్రాలు ఎందుకని అడగకపోవడం మా తప్పే. కానీ పెట్టెలు ఇచ్చి తీగ ఇవ్వకపోవడం, తీగ ఎట్లా కట్టాలో చూపకపోవడం ఇచ్చినవాళ్ల తప్పు. రైతుకు చేసే సాయం ఇట్లాగే ఉంటోంది. వస్తువు వస్తుంది, అది నిలబడటానికి కావాల్సిన ఆసరా రాదు. పోయినాక రైతుకు పెంపకం చేతకాలేదంటారు.

తేనె మిషన్ పేరుతో కేంద్రం 2020లో 500 కోట్లు ప్రకటించింది. మంచిదే. భూమి పోయిన కుటుంబాలకు, ఎకరం అరెకరం ఉన్నవాళ్లకు ఈ పని పనికొస్తుంది. పెట్టెకు భూమి అక్కర్లేదు, పక్క రైతు తోట చాలు. ఆ రైతుకు దోస, కాకర, బీర, మామిడి కాపు పెరుగుతుంది. కాబట్టి మన సంఘం తరఫున మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి, సబ్సిడీ మీద ఏ పెట్టె ఇచ్చినా తీగ కట్టిన ఫ్రేములే ఇవ్వాలి, లేదంటే తీగ, ఐలెట్లు, పళ్ల చక్రం పెట్టెతో పాటే రావాలి. కొనుగోలు షరతుల్లోనే అది రాయించాలి. తీగ లేని ఫ్రేములు వస్తే మనం సంతకం పెట్టొద్దు.

రెండు, సంఘం ఆఫీసులో ఒక తీగ చుట్ట, ఒక పలక, ఒక డ్రిల్లు ఉంచుదాం. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపోయి, పని చేసుకుని తెచ్చి పెట్టాలి. బాయిలో ఫిట్టరు పని చేసి రిటైరైన అన్నలు మన ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. ఒక్క పూట కూర్చుంటే పది మందికి నేర్పగలరు.

మూడు, మామిడి పూతకు ముందే, సంక్రాంతి లోపల, ప్రతి ఫ్రేమూ తీసి మీటి చూసుకోవాలి. ఎండకాలానికి నీడ, పెట్టెకు దగ్గర్లో పుల్లలు వేసిన నీళ్ల పళ్లెం పెట్టాలి. పూత మీద పురుగు మందు కొట్టే రైతుకు ముందే చెప్పి, ఆ రోజు పెట్టెలు మూయాలి.

మేము మిగిలిన ఎనిమిది పెట్టెలకు ఆ వానాకాలమే తీగ కట్టాం. తర్వాత వచ్చిన ఎండకాలంలో ఒక్క పట్టూ ఊడలేదు. ఈ రోజు తీగ కట్టిన ఫ్రేములు రెండు తెచ్చాం, అదిగో ఆ బల్ల మీద ఉన్నాయి. సభ అయిపోయాక వచ్చి చూడండి, వేలితో మీటి చూడండి. మేము పోగొట్టుకున్నాక నేర్చుకున్నాం, మీరు పోగొట్టుకోకుండా నేర్చుకోండి.