సాగుచేసే మనిషికి అప్పు

అధ్యాపకులూ బ్యాంకు ఉద్యోగులూ కలిసి కూర్చున్న ఈ సభకు నన్ను అధ్యక్షత వహించమన్నందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. మన బ్యాంకుల గురించి మాట్లాడాల్సినవి ఎన్నో ఉన్నా, నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ఒక్క ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను: బ్యాంకు అప్పు ఎవరికి అందుతోంది?

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో 6 జాతీయమయ్యాయి. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పేరు పోయినందుకన్నా, మన నేలనూ పంటలనూ ఎరిగినవాళ్ల చేతిలోని నిర్ణయాధికారం దూరమైనందుకే నాకు ఎక్కువ బాధ.

ఇంతకీ అప్పు ఎటు వెళ్లిందో చూడండి. 2018 మార్చి నాటికి మన బ్యాంకుల స్థూల మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. వాటిలో సింహభాగం భారీ పరిశ్రమలకిచ్చిన అప్పులే. దివాలా చట్టం, కేంద్రం సమకూర్చిన మూలధనం, పద్దుల్లోంచి కొట్టివేతలు కలిసి ఇప్పుడు ఆ భారాన్ని 3 శాతం లోపుకు దించాయి.

భారీ పరిశ్రమలకు అప్పు అందిన తీరు అది. ఇక గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) పంటకు పెట్టుబడి కోసం ఒక కౌలు రైతు బ్యాంకుకు వెళ్లాడనుకోండి. మేనేజరు పాసుపుస్తకం అడుగుతారు. అది భూయజమాని బీరువాలో ఉంటుంది. ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం వాడుకుని ఉంటాడు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు హక్కు పత్రం తెచ్చుకుందామంటే యజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. చివరికి ఎరువుల కొట్టులో అరువు, వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ. ఏడాదికి లెక్కేస్తే 24 నుంచి 36 శాతం! పట్టా ఉన్నవారికైతే, సకాలంలో కడితే, 3 లక్షల దాకా 4 శాతానికే దొరుకుతుంది. మేనేజరును తప్పుపట్టలేం. ఆయనకిచ్చిన నిబంధనలే అలా ఉన్నాయి.

జన్‌ధన్ ఖాతాలు 50 కోట్లు దాటాయి, తోపుడు బండి మీదా యూపీఐ నడుస్తోంది. ఇవి నిజమైన విజయాలే. అయితే ఖాతా ఉన్నంత మాత్రాన అప్పు పుట్టడం లేదు. అలాగని స్తోమత చూడకుండా అప్పు మీద అప్పు అంటగడితే ఏమవుతుందో 2010 సూక్ష్మరుణ సంక్షోభంలో మనమే చూశాం. ఇప్పుడు కొన్ని లోన్ యాప్‌లు ఆ దారిలోనే పోతున్నాయి. మరోవైపు, తనఖా లేకుండా, తోటివారి పూచీతో అప్పు తీసుకుని తీర్చవచ్చని మన పొదుపు సంఘాల మహిళలు ఏనాడో నిరూపించారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ఈ-క్రాప్‌లో నమోదవుతోంది. యజమాని సంతకంతో పనిలేకుండా, ఆ నమోదునూ తోటి కౌలుదారుల ఉమ్మడి పూచీనీ ఆధారం చేసుకుని పంట రుణం ఇవ్వాలి. నష్టం వస్తే కొంత భరించేందుకు ప్రభుత్వం హామీ నిధి పెట్టాలి. ముందుగా ఒక్క డెల్టా జిల్లాలో రెండు పంటల కాలం అమలు చేసి చూడమని రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితిని కోరుతూ ఈ సభ తీర్మానం చేయాలని ప్రతిపాదిస్తున్నాను.