స్నానాల గదికి గడప అడ్డు కారాదు
(అవనిగడ్డలో గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



రోడ్లను గురించియు, మంచినీటిని గురించియు మనము తరచు మాటలాడుకొనుచుందుము. నేడు మేము ఒక చిన్న గదిని గురించి మనవి చేయ వచ్చితిమి. అది స్నానాల గది.

1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను దివిసీమవాసులకు మేము జ్ఞాపకము చేయనక్కరలేదు. వేలకొలది ప్రాణములను అది బలిగొన్నది. ఆ పిమ్మట ప్రభుత్వమును, స్వచ్ఛంద సంస్థలును పూనుకొని, తాటాకు ఇండ్లున్న తావులందు కాంక్రీటు శ్లాబు ఇండ్లను లేవనెత్తినవి. నీరు లోనికి రాకుండ అరుగులు ఎత్తుగా కట్టుకొంటిమి. అది వివేకమైన పనియే. కాని నాడు పాతికేండ్ల ప్రాయమున ఉప్పెననుండి బయటపడినవారు నేడు డెబ్బది దాటియున్నారు. నీటిని ఆపుటకు కట్టిన మెట్లే నేడు వారిని ఆపుచున్నవి.

ఇటీవల ఈ ప్రాంతమున ఒక ఇంటికి పోయితిమి. పక్షవాతముతో కాలు చేయి పడిపోయిన తల్లిని చక్రాల కుర్చీతోనే స్నానాల గదిలోనికి కొనిపోవలెనని కుమారుడు తలంచెను. గడప తీయించెను, తూమును పాత మూలనుండి ఎదుటి గోడ దాపునకు మార్పించెను. మొదటి దినముననే నీరు వసారాలోనికి పారెను. తూము మారెను గాని వాలు మారలేదు! గచ్చు మరల పగులగొట్టవలసి వచ్చెను. అన్నాళ్లును ఆ తల్లికి మంచము మీదనే తడిగుడ్డతో ఒళ్లు తుడిచిరి. “ఒక్క చెంబు నీళ్లు నెత్తిన పోసుకోవటానికి ఇంతమందిని ఇబ్బంది పెట్టాలా నాయనా?” అని ఆమె అన్న మాట మేము మరువజాలము.

కనుక గునపము పట్టుటకు ముందే మూడు సంగతులు చూచుకొనవలెను.

మొదటిది, ఆ గచ్చు నేలమీద పరచినదా, లేక స్తంభములపైనను గోడలపైనను నిలిచిన శ్లాబా? నేలమీది గచ్చునైనచో కోయవచ్చును. పై అంతస్తు శ్లాబును ఇంజనీరు సలహా లేనిదే తాకరాదు. అందలి ఇనుప చువ్వలే బరువు మోయునవి. అవి తెగినచో శ్లాబు బలము తగ్గును. తడి తగిలినచో త్రుప్పు పట్టును. సముద్రపు ఉప్పుగాలి వీచు మన సీమలో ఆ త్రుప్పు మరింత వేగముగ ప్రాకును. అట్టిచోట ఇంజనీరు చూపిన తావున ఒక్క రంధ్రము మాత్రము చేసి, గొట్టమును శ్లాబు క్రిందుగా వ్రేలాడదీయుట మేలు.

రెండవది వాలు. మూడు అంగుళముల మురుగు గొట్టమునకు 40 అడుగులకు 1 అడుగు చొప్పున వాలుంచుట మంచిది. అనగా తూమును 10 అడుగులు దూరము జరిపినచో గొట్టము మరి 3 అంగుళములు ఎత్తునుండి బయలుదేరవలెను, లేదా బయట అంత క్రిందుగా కలియవలెను. కొద్ది లోతుననే నీరు తగులు మన డెల్టాలో క్రిందికి పోవుటకు చోటు తక్కువ. కావున నీరు బయటకు పోవు గోడ దాపుననే స్నానపు తావును ఏర్పరచి, తూమును వీలైనంత తక్కువ దూరము జరుపవలెను. గది నేల తూమువైపునకు 50 అడుగులకు 1 అడుగు చొప్పున వాలియున్న చాలును. కుర్చీ జారదు, నీరు నిలువదు.

మూడవది నల్లరేగడి. ఇది తడిసి ఉబ్బును, ఎండి కుంచించుకొనును. త్రవ్విన మట్టినే మరల పూడ్చినచో గచ్చు క్రుంగి గొట్టము విరుగును. ఇసుక పరచి, గట్టిగా దిమ్మిస చేయవలెను. పైన కాంక్రీటు వేయుటకు ముందు గొట్టము చివర మూసి, నీరు నింపి, కారుచున్నదేమో చూడవలెను. ఈ ఒక్క పరీక్ష మరచుటచేతనే పెక్కు గచ్చులు రెండవసారి పగులుచున్నవి. కాంక్రీటును కనీసము 7 దినములు తడుపవలెను. స్నానపు నీటిని మరుగుదొడ్డి గుంతలోనికి విడువరాదు. ఇంకుడుగుంటకో, అరటి పాదునకో మళ్లింపవలెను.

తలుపు 3 అడుగుల వెడల్పును, లోపల కుర్చీ తిరుగుటకు 5 అడుగుల చోటును ఉండవలెను. గచ్చు జారనిదై యుండవలెను. పట్టుకొను కమ్మీని గట్టి గోడకే బిగింపవలెను. దాని ఎత్తును మేస్త్రీ నిర్ణయింపరాదు; వాడుకొను మనిషిని కూర్చుండబెట్టి, చేయి అందినచోట గుర్తు పెట్టవలెను.

ఇక పంచాయతీ కర్తవ్యము. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. విపత్తుల వేళ వారికి ఇతరులతో సమానముగ రక్షణ కలుగవలెనని అందలి 8వ విభాగము చెప్పుచున్నది. మీ ఊరి తుపాను రక్షణ భవనమునకు 12 అడుగులకు 1 అడుగు వాలుతో ర్యాంపు కలదా? అందలి స్నానాల గదిలోనికి చక్రాల కుర్చీ పోగలదా? తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఈ ప్రశ్న వేసికొని ప్రయోజనము లేదు. నేడే పోయి కొలిచి చూడుడు.

క్రొత్తగా కట్టు ఇంటికి గచ్చు వేయక మునుపే తూమును సరియైన తావున పెట్టించినచో పగులగొట్టు పనియే యుండదు. ఇండ్లు కట్టుకొనువారికి ఈ మాట ముందుగా చెప్పువారు మీరే కావలెను. మంచము పట్టిన పెద్దలు ఎవరి ఇంట నున్నారో మీకు తెలియును, మాకు తెలియదు. ఆ పేర్లు వ్రాసికొని, మండల ఇంజనీరును వెంటబెట్టుకొని ఆ గడపలు త్రొక్కుడు.

తన నీళ్లు తాను పోసికొనగలుగుట చిన్న విషయము కాదు. అది మనిషి మర్యాద. ఉప్పెనను తట్టుకొని ఈ సీమను మరల నిలబెట్టిన తరమునకు ఆ మర్యాదను దక్కించుట మన విధి.