తవ్వకముందు నేలను చదివేవాళ్లు

(సంఘం యువజన సభలో ఒక గిరిజన సంక్షేమ హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో మాలాంటివాళ్లను మైకు ముందుకు పిలిస్తే బాగా చదువుకోండి, పైకి రండి అని చెప్పి దిగిపోతాం. ఈసారి ఒక పని గురించి చెబుదామని వచ్చాం. మన కొండల పక్కన, మన చేలల్లో జరిగే పని. దాంట్లో మన పిల్లలు తీగలు మోస్తున్నారు, కడ్డీలు దిగేస్తున్నారు. మా హాస్టల్లో చదివి వెళ్లిన ఒక అబ్బాయి సెలవుల్లో అట్లాంటి సర్వేకి ఇరవై రోజులు కూలికి పోయొచ్చాడు. ఏం కొలుస్తున్నారు నాయనా అని అడిగితే, "మాకేం తెలుసు మేడం, సార్లు రాసుకుంటారు, మేం మోస్తాం" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఊరికే ఉండనివ్వలేదు. మేమూ, మా పిల్లలకు సైన్సు చెప్పే టీచరమ్మా కూర్చుని పుస్తకాలు తీసి చదివాం. చదివిందే మీకు చెబుతున్నాం.

పేరు భూభౌతిక సర్వే. పేరు చూసి బెదరకండి. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో బోరు పాయింటు చూపించని రైతు ఉన్నాడా? ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. టెంకాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఇంకొకాయన వేప పంగ పట్టుకుని నడుస్తాడు. మూడో ఆయన పెట్టె తెస్తాడు. నాలుగు కడ్డీలు వరసగా నేలలో దిగేసి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజి చూస్తాడు. గట్టి ఎండు రాయి కరెంటును సులభంగా పోనివ్వదు. పగుళ్లలో తడి ఉన్న రాయి పోనిస్తుంది. కడ్డీలు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. ఆ మూడో ఆయన చేసేదే భూభౌతిక సర్వే. నీళ్లకు బదులు బంగారమో, రాగో, ఇనుమో వెతికితే అది ఖనిజ అన్వేషణ.

ఇక్కడ ఒక లెక్క మాత్రం ఇంటికి పట్టుకుపోండి. బయటి కడ్డీల మధ్య ఎంత దూరం ఉంటే అందులో నాలుగో వంతో, ఐదో వంతో లోతు వరకే ఆ పద్ధతి నమ్మకంగా చెప్పగలదు. తీగ 100 మీటర్లు పరిస్తే 80 అడుగుల సంగతి తెలుస్తుంది. అంతే తీగ పరిచి 800 అడుగుల్లో రెండించీల నీళ్లున్నాయని చెప్పేవాడు మిషను చూసి చెప్పడం లేదు, మన ముఖం చూసి చెబుతున్నాడు. వెయ్యి అడుగుల బోరుకు అప్పు చేసే మీ నాయనకు ఈ ఒక్క ముక్క చెప్పినా మేం ఇంత దూరం వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

తవ్వకుండా కిందేముందో తెలుసుకోవడం మనకు కొత్తా? వరి కోతలయ్యాక యానాది తాత గట్టు మీద నడుస్తా కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి ఎలుక బొరియ ఎటు పోయిందో చెబుతాడు. కుండలో గడ్డి పొగబెట్టి ఊదితే పొగ ఎక్కడెక్కడ లేస్తుందో చూసి లోపలి దారులన్నీ గీసినట్టు చెబుతాడు. నేలకు ఒక దెబ్బో, పొగో పంపించి, అది తిరిగి చెప్పే జవాబును బట్టి లోపలి సంగతి అర్థం చేసుకోవడం. పెట్టె సార్లు చేసేదీ అదే. తేడా ఒక్కటే. వాళ్లు అంకెలు కాగితం మీద రాసి పెడతారు, తాత రాయడు. తాత పనిని జనం ఎగతాళి చేశారు, పెట్టె సారుకు కుర్చీ వేశారు. ఇది మేం కోపంతో అంటున్న మాట కాదు, అయినా అనాల్సిన మాటే.

మన దగ్గర ఈ పని ఎక్కువగా జరిగింది కుప్పం వైపు. కోలారు బంగారు గనుల రాతి పట్టీ కర్ణాటకలో ఆగిపోదు. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగి, మన చిత్తూరు జిల్లా అంచులో చిగురుగుంట, బిసానత్తం మీదుగా తమిళనాడు వైపు దిగుతుంది. వెడల్పు మాత్రం కొద్ది కిలోమీటర్లే. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందటి లావా అది, నలిగి, కాలి, రూపు మారింది. 1802లో జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు ఆ ప్రాంతానికి సర్వేకి వచ్చి, ఊరివాళ్లు మట్టి కడిగి పసుపు రేణువులు తీయడం చూసి రాశాడు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. మట్టి కడిగినవాళ్ల పేర్లు ఎక్కలేదు. తర్వాత అక్కడ గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. దిగిన కూలీల్లో ఎందరో పాత ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు. 1911 దాకా మన చిత్తూరూ ఆ జిల్లాలోదే. 2001 ఫిబ్రవరిలో భారత్ గోల్డ్ మైన్స్ కోలారు గనులు మూసేసింది, మన వైపు చిగురుగుంట, బిసానత్తం పనులూ ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ బ్లాకును వేలం వేస్తే ఎన్‌ఎండీసీకి దక్కింది. అంటే ఆ రాతి పట్టీ కథ ఇంకా అయిపోలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. టన్ను రాయిలో బంగారం కొన్ని గ్రాములే. ఏ పెట్టే దాన్ని నేరుగా చూడలేదు. అందుకని దాని తోటివాళ్లను వెతుకుతారు. పెళ్లికూతురు కనబడకపోయినా పందిరి కనబడితే పెళ్లిల్లు ఏదో తెలుస్తుంది కదా. బంగారంతో పాటు గంధకం కలిసిన ఇనుప ఖనిజాలు, పైరైటు లాంటివి ఉంటాయి. నేలలోకి కరెంటు పంపి టక్కున ఆపేస్తే, ఈ గింజలు చిన్న బ్యాటరీల్లాగా కాసేపు చార్జి పట్టుకుని మెల్లగా వదులుతాయి. ఆ వదలడాన్ని సెకనులో భాగాల లెక్కన కొలుస్తారు. దీన్ని ఐపీ సర్వే అంటారు. గ్రాఫైటు కూడా అచ్చం ఇలాగే చార్జి పట్టుకుని మోసం చేస్తుంది. అందుకే పెట్టె చెప్పిందని గని తెరవరు. డ్రిల్లు వేసి రాయి బయటికి తీసి చూస్తారు. చాలా చోట్ల ఆ కథ డ్రిల్లు దగ్గరే ముగిసిపోతుంది.

ఇంకోటి అయస్కాంత సర్వే. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం సుమారు 40 వేల నానోటెస్లాలు. చిత్తూరు జిల్లాలో నల్ల గ్రానైటని కోసి అమ్మే డోలరైటు గోడల మీదికి పోతే ఆ అంకె వందల్లో ఎగుడుదిగుడు అవుతుంది. ఒక రకం పరికరంలో సీసా నిండా కిరసనాయిలు లాంటి ద్రవం ఉంటుంది. అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు బొంగరంలా తల ఊపుతాయి. ఆ ఊపు వేగాన్ని బట్టి బలం లెక్కకడతారు. మాకు బాగా నచ్చింది ఇది. పరికరం పట్టుకున్న మనిషి దగ్గర ఇనుము ఉండకూడదు. బెల్టు బకిలు, కత్తి, తాళాలు, ఫోను, చివరికి చీర కొంగుకు పెట్టుకున్న పిన్నీసు కూడా తీసేయాలి. లేదంటే కొండలో ఉన్న ఖనిజం కాదు, మన పిన్నీసే మ్యాపులోకి ఎక్కుతుంది. బోరు కేసింగు, ముళ్లకంచె, కరెంటు లైను, పక్కన నిలబెట్టిన జీపు, అన్నీ ఇలాంటి దొంగ జవాబులే. పైగా ఎండ ఎక్కేకొద్దీ భూమి బలం తనంతట తానే పదుల నానోటెస్లాలు మారుతుంది. అందుకని ఒక పరికరాన్ని ఒకే చోట రోజంతా పెట్టి, ఆ మార్పును తీసేస్తారు. ఆ పరికరం దగ్గర కాపలా కూర్చోబెట్టేది సాధారణంగా మన పిల్లల్నే. ఊరికే కూర్చున్నామనుకోకండి. మీరు కాపాడే అంకె తప్పయితే ఆ రోజు అందరి నడకా వృథా.

కెనడా ఉత్తరాన ఇదే పని చలికాలంలో చేస్తారు. సరస్సులు గడ్డకట్టాక మంచు మీద సూటిగా గీతలు పెట్టుకుని నడుస్తారు, వేసవిలో ఆ చిత్తడిలో కాలు పెట్టలేరు. గడ్డకట్టిన నేలలో కడ్డీకి కరెంటు సరిగా అందదు. మనకు వేసవిలో ఎండి బిగుసుకుపోయిన నేలలోనూ అదే తంటా. మన దగ్గర కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పోస్తారు. ఇంకో తమాషా ఉంది. అక్కడ అయస్కాంత రేఖలు దాదాపు నిలువుగా నేలలోకి దిగుతాయి, మన దగ్గర పడుకున్నట్టు ఉంటాయి. అందుకే అక్కడ అంకె పెంచే రాయి, ఇక్కడ సరిగ్గా తన మీద అంకెను తగ్గించొచ్చు. అక్కడి పుస్తకం చదివి ఇక్కడి కొండను చదవలేం అన్నమాట.

కూలికి పోయే తమ్ముళ్లకు గట్టిగా ఒక మాట. ఐపీ సర్వేలో కడ్డీలకు వందల వోల్టులు, ఒక్కోసారి వెయ్యికి పైగా వస్తాయి. లైను క్లియర్ అని వాకీటాకీలో మీ నోటితో చెప్పేదాకా కరెంటు వదలకూడదని మొదటి రోజే అడిగి ఖాయం చేసుకోండి. చేతులకు గ్లవ్స్, కాళ్లకు రబ్బరు బూట్లు అడగండి. మేకలు కాసే పిల్లలకు, వాళ్ల అమ్మలకు ముందే చెప్పండి. కూలి రోజుకెంతో, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో కాగితం మీద రాయించుకోండి. సిగ్గుపడాల్సింది అడిగేవాడు కాదు. రంగు వేసి నంబరు రాసిన మేకుల్ని పొయ్యిలోకి పీక్కుపోవద్దని ఇళ్లల్లో చెప్పండి. ఒక్క మేకు పోతే ఆ గీతంతా మళ్లీ నడవాలి.

ఇక భయం సంగతి. పెట్టె పట్టుకుని ఎవరైనా వస్తే తండాలో మొదట పుట్టే మాట, భూమి పోతుందని. సర్వే అంటే గని కాదు. అట్లని కళ్లు మూసుకోనూ వద్దు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో షెడ్యూల్డ్ ప్రాంతాల గిరిజన భూముల్లో ప్రైవేటు గనులకు అడ్డుకట్ట వేసింది. మన పిల్లలు ఆ తీర్పు పేరు చెప్పి ధైర్యంగా ఉంటారు. కానీ రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. 1/70 చట్టం, పెసా చట్టం మన యానాది, ఎరుకల, సుగాలి ఊళ్లకు వర్తించవు. మనకున్నది 2006 అటవీ హక్కుల చట్టం. అది అన్ని చోట్లా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజన కుటుంబం గ్రామసభలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. డీకేటీ పట్టా భూములకు 1977 చట్టం ఉంది. కాబట్టి సర్వేవాళ్లు వస్తే గొడవపడే ముందు మూడు అడగండి. ఎవరి తరఫున వచ్చారు, ఏ ఉత్తర్వు మీద వచ్చారు, ఆ కాపీ ఏది. అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి చూపమనండి. మీ పట్టా, మీ హక్కు పత్రం ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున కాకుండా ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఆ ఫోన్లో సినిమాలకున్న చోటులో ఒక పక్క చాలు.

తీగ మోసేవాళ్లు అంకె రాసేవాళ్లు కావాలంటే దారి ఉంది. ఇంటర్లో ఎంపీసీ, డిగ్రీలో ఫిజిక్సు లేదా జియాలజీ. మన తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ ఉంది. జియోఫిజిక్సు అయితే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాదులో ఉస్మానియా. హైదరాబాదులోనే 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ ఉంది. 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పోస్టులకు యూపీఎస్సీ కంబైండ్ జియో సైంటిస్టు పరీక్ష పెడుతుంది. ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదివినవాళ్లు కూడా జియోఫిజిసిస్టు పోస్టుకు రాయొచ్చు. ఎస్టీలకు ఫీజు లేదు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది.

ఆడపిల్లలు కొండల్లో ఈ పని ఎట్లా చేస్తారని పోయిన ఆదివారం ఒక తల్లి మమ్మల్ని అడిగింది. కట్టెలకు, తేనెకు ఆ కొండే కదమ్మా ఎక్కుతోంది అన్నాం. గని లోపలికి ఆడవాళ్లు దిగకూడదని చాలాకాలం నియమం ఉండేది. 2019లో షరతులతో దానికీ వీలు కల్పించారు. ఈ సర్వే అయితే నేల మీది పనే. ఆ తల్లి బిడ్డ ఇప్పుడు పదో తరగతి. లెక్కల్లో కాస్త వెనకబడింది. వచ్చే నెల నుంచి ఆదివారాలు హాస్టల్లో లెక్కలు చెప్పిస్తున్నాం. హాస్టల్లో లేని మన పిల్లలు కూడా రావొచ్చు. మధ్యాహ్నం భోజనం మా దగ్గరే. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి.